జూనియర్ ర్యాంకు 380, వయసు 17: అమ్మాయిని ఇప్పుడే ప్రొఫెషనల్ టూర్‌కు పంపాలా?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. అమ్మాయికి మొన్ననే 17 నిండాయి. ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) జూనియర్ ర్యాంకు 380 దగ్గర ఉంది. ఓపెన్ స్కూల్‌లో ఇంటర్ చదువుతోంది. కాలేజీ సంగతి పక్కన పెట్టి, వెంటనే ట్యునీషియాలోని మొనాస్టిర్ వెళ్లి పది వారాలు వరసగా డబ్ల్యూ15 టోర్నీలు (మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్‌లో అన్నిటికంటే కింది మెట్టు) ఆడమని కోచ్ గారు అంటున్నారు. వాళ్లమ్మ అమెరికా కాలేజీ అంటున్నారు. శంకర్‌పల్లి వైపున్న ప్లాటు అమ్మి పాతిక లక్షలు చేతిలో పెట్టుకుందామా అని మీరు ఆలోచిస్తున్నారు.

నేను హైదరాబాద్‌లోనే ఆడి, చాలా ఏళ్లుగా పిల్లల వెంట టోర్నీలకు తిరుగుతున్న కోచ్‌ని. నాకు తోచింది ముందే చెప్పేస్తాను. పది వారాల మొనాస్టిర్ వద్దు. ప్లాటు ఇప్పుడే అమ్మొద్దు. కాలేజీని "ఏదీ కుదరకపోతే చూద్దాం" అన్న ఖాతాలో వేయొద్దు. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు ఆ 380 సంగతి. జూనియర్ ర్యాంకు లెక్కలో ఏడాదిలో బాగా ఆడిన ఆరు సింగిల్స్ ఫలితాలు, ఆరు డబుల్స్ ఫలితాల్లో నాలుగో వంతు కలుస్తాయి. జే30 టోర్నీ గెలిస్తే 30 పాయింట్లు, జే300 గెలిస్తే 300, జూనియర్ గ్రాండ్‌స్లామ్ గెలిస్తే 1000. అంటే ఒకే ర్యాంకు దగ్గర నిలబడ్డ ఇద్దరు పిల్లలు అక్కడికి పూర్తిగా వేరు దారుల్లో వచ్చి ఉండొచ్చు. ఒకమ్మాయి డ్రా తేలిగ్గా ఉండే చోట్లు వెతుక్కుని జే30, జే60లు వరసపెట్టి ఆడి పాయింట్లు పోగేసి ఉంటుంది. ఇంకో అమ్మాయి జే200లో తనకంటే రెండొందల ర్యాంకులు పైనున్న వాళ్లను ఇద్దరిని కొట్టి వచ్చి ఉంటుంది. మీ అమ్మాయి ఏ దారిలో వచ్చిందో మీరు రాయలేదు. ఈ రాత్రి ఐటీఎఫ్ సైట్‌లో ఆమె పేజీ తెరిచి, గత ఏడాదిలో గెలిచిన మ్యాచ్‌ల్లో అవతలివాళ్ల ర్యాంకులు ఒక కాగితం మీద రాసుకోండి. తనకంటే పైనున్నవాళ్ల మీద గెలుపులు ఐదారైనా కనబడితే సరుకు ఉన్నట్టు. ఒకటో రెండో ఉంటే ఆ ర్యాంకు ప్రయాణాలు కొనిపెట్టిన ర్యాంకు. ఆమె తప్పు లేదు, మన దగ్గర చాలామంది పిల్లలది ఇదే కథ.

ఇక మొనాస్టిర్. అక్కడ ఏడాదిలో చాలా వారాలు టోర్నీలు నడుస్తూనే ఉంటాయి. ఒకే హోటల్, అవే కోర్టులు, ఊరు మారే బాధ లేదు. అందుకే కోచ్‌లకు అది సులువుగా గుర్తొస్తుంది. కానీ మీ కోచ్ గారు ఒక నియమం లెక్కలోకి తీసుకున్నారో లేదో నాకు అనుమానం. 18 నిండని అమ్మాయిలు ఏడాదిలో ఎన్ని ప్రొఫెషనల్ టోర్నీలు ఆడొచ్చో డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం) హద్దు పెట్టింది. 17 ఏళ్లవాళ్లకు మామూలుగా 16. ప్రతిభ ఆధారంగా కొందరికి ఇంకొన్ని కలుస్తాయి గానీ మీ లెక్కకు 16 అనే అనుకోండి. ఆ ఏడాదిని జనవరి నుంచి కాదు, పుట్టినరోజు నుంచి పుట్టినరోజు దాకా లెక్కేస్తారు. డబ్ల్యూ15లూ అందులోకే వస్తాయి. అంటే మొదటి రెండున్నర నెలల్లోనే పది టోర్నీలు ఒకే ఊళ్లో, ఒకే రకం కోర్టు మీద ఖర్చయిపోతాయి. మిగిలిన తొమ్మిదిన్నర నెలలకు ఆరు. మన దేశంలో టోర్నీలు గుంపుగా వచ్చే చలికాలానికి ఆమె చేతిలో పెద్దగా ఏమీ మిగలదు.

అక్కడ ఒక వారం ఎలా గడుస్తుందో కూడా చెబుతాను. డబ్ల్యూ15 మెయిన్ డ్రాలో 32 మంది ఉంటారు. ఐటీఎఫ్ జూనియర్ టాప్ 100లో ఉన్నవాళ్లకు కొన్ని చోట్లు విడిగా పెడతారు, 380కి అవి అందవు. కాబట్టి మీ అమ్మాయి క్వాలీస్ (మెయిన్ డ్రాలో చోటు కోసం ముందు ఆడే అర్హత మ్యాచ్‌లు) ఆడాలి. అందులోంచి ఎనిమిది మంది మెయిన్ డ్రాలోకి వస్తారు. క్వాలీస్‌లో రెండు మూడు మ్యాచ్‌లు గెలిచి, ఆ తర్వాత మెయిన్ డ్రా తొలి రౌండ్ కూడా గెలిస్తే వచ్చేది ఒక్క డబ్ల్యూటీఏ పాయింటు. క్వార్టర్స్‌లో 3, సెమీస్‌లో 6, ఫైనల్లో ఓడితే 10, టోర్నీ గెలిస్తే 15. ఒక పాయింటు రాగానే ర్యాంకు వచ్చేస్తుందని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు, అలా రాదు. మూడు వేర్వేరు టోర్నీల్లో పాయింట్లు రావాలి, లేదా మొత్తం కనీసం 10 పాయింట్లు ఉండాలి. అప్పుడే పట్టికలో పేరు కనబడుతుంది. పైగా 52 వారాలు తిరిగేసరికి ఆ పాయింట్లు రాలిపోతాయి.

ఎదురుగా నిలబడేది ఎవరు? జూనియర్స్‌లో చూసిన వయసువాళ్లు సగం మందే. మిగతావాళ్లు అమెరికాలో నాలుగేళ్లు కాలేజీ టెన్నిస్ ఆడి వచ్చిన 23 ఏళ్లవాళ్లు, గాయం నుంచి కోలుకుంటూ కింది మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టిన 27 ఏళ్లవాళ్లు. వీళ్లు మన పిల్లల కంటే గట్టిగా కొడతారని కాదు. మెత్తటి రెండో సర్వ్ (మొదటిది తప్పితే వేసేది) కనబడగానే రెండడుగులు ముందుకొచ్చి నిలబడతారు. తేడా అక్కడే మొదలవుతుంది.

ఈ రెండో సర్వ్ గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే హైదరాబాద్‌లో అమ్మాయిల ఆటలో నాకు తరచూ కనబడే లోటు ఇదే. మన అకాడమీల్లో పొద్దున ఐదున్నరకు మొదలుపెట్టి బుట్టలకు బుట్టలు బంతులు కొట్టిస్తారు. ఫోర్‌హ్యాండ్, బ్యాక్‌హ్యాండ్ క్రాస్‌కోర్టు ర్యాలీలు చూడముచ్చటగా ఉంటాయి. సర్వ్‌కు మాత్రం ఎండెక్కాక, కాళ్లు బరువెక్కాక, చివరి పదిహేను నిమిషాలు. నిజానికి మ్యాచ్‌లో సగానికి పైగా పాయింట్లు సర్వ్, రిటర్న్, వాటి తర్వాతి ఒకటి రెండు షాట్లలోనే తేలిపోతాయి. పది నిమిషాల ర్యాలీ డ్రిల్ నేర్పేది ఆ తర్వాత మిగిలే పాయింట్ల కోసం.

ఒక పని చేయండి. వచ్చే ఐదారు మ్యాచ్‌లు కోర్టు వెనక ట్రైపాడ్ మీద ఫోన్ పెట్టి రికార్డు చేయండి. రెండో సర్వ్ వేసిన పాయింట్లెన్ని, అందులో గెలిచినవెన్ని, అంతే లెక్కపెట్టండి. టూర్‌లో బాగా ఆడే మహిళలే రెండో సర్వ్ మీద 45 శాతం చుట్టుపక్కల పాయింట్లు నిలుపుకుంటారు. మీ అమ్మాయి జూనియర్ల మీదే 35 దగ్గర ఉంటే, ఆ సర్వ్‌తో మొనాస్టిర్‌లో పది వారాలు ఆడటమంటే వారానికో పాఠానికి డబ్బు కట్టి అదే పాఠం మళ్లీ మళ్లీ వినడం. దాన్ని ఇక్కడే, మన కోర్టుల మీదే, నాలుగు నెలలు కూర్చుని మార్చొచ్చు. కిక్ సర్వ్‌కు (స్పిన్‌తో బంతి ఎత్తుగా లేచే సర్వ్‌కు) భుజం, నడుము బలం కావాలి. అందుకే ఆ నాలుగు నెలల్లో జిమ్‌కు కోర్టుతో సమానంగా చోటివ్వాలి.

ఇంకో చిన్న సంగతి, ఎవరూ చెప్పరు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, బెంగళూరు 900 పైన. ఇక్కడి పొడిగాలిలో బంతి చురుగ్గా పోతుంది. సముద్రం పక్కన, గాలి వీచే చోట అదే బంతి బరువెక్కినట్టు ఉంటుంది. మన పిల్లలు మొదటి వారం "నా షాట్‌కు ఏమైంది" అని రాకెట్ మార్చుకుంటూ గడిపేస్తారు. అందుకే విదేశానికి వెళ్లే ముందు చెన్నైలోనో విశాఖలోనో ఓ వారం ప్రాక్టీస్ చేయించి, స్ట్రింగ్ టెన్షన్ ఎంత తగ్గించాలో తేల్చుకుని వెళ్లడం నయం.

డబ్బు మాటకొద్దాం. కింద రాసే రూపాయల లెక్కలు నా అనుభవం మీద వేసిన అంచనాలు, మీవి కాస్త అటూ ఇటూ ఉండొచ్చు. తల్లీ కూతుళ్లిద్దరూ మూడు వారాలు ఉత్తర ఆఫ్రికాకో యూరప్‌కో వెళ్లొస్తే విమానం, హోటల్, తిండి, స్ట్రింగింగ్, వీసా కలిపి ఐదారు లక్షలు. కోచ్ కూడా వస్తే ఆయన ఖర్చులు, రోజు ఫీజు విడిగా. అదే మన దేశంలో ఒక వారం ఇద్దరికీ నలభై నుంచి అరవై వేలల్లో అయిపోతుంది. ఇక వచ్చేది చూడండి. డబ్ల్యూ15 టోర్నీ మొత్తం బహుమతి 15,000 డాలర్లు. సింగిల్స్ గెలిచిన అమ్మాయికి రెండు వేల పైచిలుకు డాలర్లు, తొలి రౌండ్‌లో ఓడితే నూటయాభై చుట్టుపక్కల, అందులోనూ పన్ను పోతుంది. 2025 వింబుల్డన్ మెయిన్ డ్రాలో మొదటి రౌండ్‌లోనే ఓడినవాళ్లకు 66,000 పౌండ్లు ఇచ్చారు. ఈ రెండు అంకెల మధ్యే అసలు టూర్ ఉంది, చాలామంది ఆ మధ్యలోనే ఉంటారు.

ఐటీఎఫ్ వాళ్లు పదేళ్ల కిందట తమ ప్రో సర్క్యూట్ మీద ఒక సమీక్ష చేశారు. 2013 లెక్కల ప్రకారం ఖర్చులు, రాబడి సరిసమానమయ్యేది పురుషుల్లో 336వ ర్యాంకు దగ్గర, మహిళల్లో 253వ ర్యాంకు దగ్గర. అదీ కోచ్ ఖర్చు కలపకుండా. తొలి పాయింటు నుంచి టాప్ 100 చేరడానికి, చేరగలిగిన ఆ కొద్దిమందికే, మహిళలకు సగటున నాలుగేళ్ల పైన పట్టింది. కాబట్టి పాతిక లక్షలను ఏడాదిన్నరకు సరిపోయే డబ్బుగా చూడకండి. నాలుగేళ్లకు విడగొడితే ఏడాదికి ఆరు లక్షలు. ఆ ఆరు లక్షల్లో ఏం చేయగలం అన్న ప్రశ్నకు మొనాస్టిర్ ప్రయాణం ఒక్కటీ సమాధానం కాదు, ఆ ఒక్కటే మొత్తం మింగేస్తుంది.

సుమిత్ నాగల్ సంగతి గుర్తుండే ఉంటుంది. 2015లో వింబుల్డన్ జూనియర్ డబుల్స్ గెలిచిన కుర్రాడు. దేశంలో నంబర్ వన్‌గా ఉండి కూడా 2023లో తన బ్యాంకు ఖాతాలో 900 యూరోలే ఉన్నాయని బయటికి చెప్పాడు. తర్వాతి ఏడాదే ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో కజకిస్తాన్ ఆటగాడు బుబ్లిక్‌ను ఓడించి, టాప్ 100లోకి వచ్చి, 68వ ర్యాంకు దాకా వెళ్లాడు. ఆ మధ్యకాలం ఎవరో ఒకరు ఆదుకోకపోతే ఆ తర్వాతి ఏడాది ఉండేది కాదు. మీ ఇంట్లో ఆ "ఎవరో ఒకరు" మీరే. అందుకే ప్లాటు ఇప్పుడే అమ్మొద్దంటున్నాను. డబ్బు అసలు అవసరమయ్యేది ర్యాంకు 600 నుంచి 300 మధ్య. అప్పుడు కోచ్ లేకుండా కదలలేరు, వచ్చే బహుమతి కోచ్‌కు సరిపోదు.

మరి ఈ ఏడాది ఏం చేయాలి? నేనైతే ఇలా వేస్తాను. మొదటి నాలుగు నెలలు ఇక్కడే, పైన చెప్పిన సర్వ్ పని. మధ్యలో ఐటా (అఖిల భారత టెన్నిస్ సంఘం) ప్రైజ్‌మనీ టోర్నీలు ఆడించండి. ఢిల్లీలో ఏటా జరిగే ఫెనెస్టా ఓపెన్ జాతీయ ఛాంపియన్‌షిప్ మహిళల విభాగంలో ఆడించండి, అండర్-18లో మాత్రమే ఆడించి సరిపెట్టొద్దు. అక్కడ దేశంలో ఐటీఎఫ్‌లు తిరిగే పెద్దమ్మాయిలు దొరుకుతారు. విమానం ఎక్కకుండానే తన స్థాయి తెలిసిపోతుంది. తర్వాత చలికాలంలో మన దగ్గర వరసగా వచ్చే మహిళల టోర్నీల్లో, అంటే సోలాపూర్, పుణె, బెంగళూరు, గురుగ్రామ్ లాంటి చోట్ల ఏవి పడితే అవి, క్వాలీస్ ఆడించండి. సోలాపూర్‌కు మనకు రాత్రి రైలు చాలు. అక్కడ జరిగేవి చాలావరకు డబ్ల్యూ15 కంటే ఒక మెట్టు పైనుండే డబ్ల్యూ35 స్థాయివి, డ్రా గట్టిగా ఉంటుంది. పర్వాలేదు. డబ్ల్యూ35 క్వాలీస్‌లో ఒక మంచి మ్యాచ్ ఆడి ఓడినా, ఖర్చు తక్కువ కాబట్టి మళ్లీ వచ్చే వారం ఆడొచ్చు. వైల్డ్ కార్డు (ర్యాంకుతో పనిలేకుండా నిర్వాహకులు ఇచ్చే చోటు) కోసం రాష్ట్ర సంఘం ద్వారా ముందే ఉత్తరం పెట్టుకోండి. రాకపోతే అలగొద్దు, దాని మీద ప్లాను కట్టొద్దు.

16లో పదో పదకొండో ఇలా దేశంలోనే వాడి, మిగిలినవాటితో ఒక్క విదేశీ ప్రయాణం, మూడు వారాలకు మించకుండా. జూనియర్స్ పూర్తిగా మానేయొద్దు కూడా. 18 నిండే ఏడాది ముగిసేదాకా ఆమెకు జూనియర్ హక్కు ఉంది. ఆసియాలో మూడు నాలుగు జే200, జే300లు ఆడితే పైనున్నవాళ్ల మీద ఎక్కడ నిలబడిందో తెలుస్తుంది. కాలేజీ కోచ్‌లు చూసేదీ అవే.

ఎంట్రీల యంత్రాంగం ఒకసారి అర్థం చేసుకోండి, ఇది సాధారణంగా తల్లిదండ్రుల నెత్తిన పడుతుంది. ఐటీఎఫ్ టోర్నీల్లో పేరు నమోదు చేసుకోడానికి ఐపిన్ ఖాతా ఉండాలి. టోర్నీ మొదలయ్యే సోమవారానికి 18 రోజుల ముందు గురువారం ఎంట్రీ గడువు. 13 రోజుల ముందు మంగళవారం విత్‌డ్రా గడువు. అది దాటాక మానుకుంటే జరిమానా పడుతుంది. అంటే చోటు ఉందో లేదో తెలిసేసరికి రెండున్నర వారాలే మిగులుతాయి. ఎండాకాలంలో షెంగెన్ వీసా అపాయింట్‌మెంట్‌కే అంతకంటే ఎక్కువ పడుతుంది. అందుకని ఎప్పుడైనా యూరప్ అనుకుంటే వీసా ముందు, టోర్నీ తర్వాత. విమానం టికెట్ మార్చుకునే వీలున్నదే కొనండి. స్ట్రింగ్ 200 మీటర్ల రీల్ కొని పెట్టుకోండి. రాకెట్‌కు 12 మీటర్ల చొప్పున పదహారు సార్లు వస్తుంది. టోర్నీలో కూలి మాత్రం ఇస్తే చాలు.

ఓడిన తర్వాతి రోజుల గురించి ఒక మాట. సోమవారం క్వాలీస్‌లో ఓడితే తర్వాతి టోర్నీ దాకా ఐదు రోజులు. చాలామంది పిల్లలు ఆ ఐదు రోజులూ గదిలో ఫోన్ పట్టుకుని ఉంటారు, తల్లి పక్కన కూర్చుని కంగారు పడుతుంది. నేను వెంట ఉంటే మంగళవారం పొద్దున కోర్టు బుక్ చేసేస్తాను. ఇంకా డ్రాలో ఉన్నవాళ్లకు వార్మప్ హిట్టింగ్ పార్టనర్ కావాలి, మొహమాటపడకుండా వెళ్లి అడగమంటాను. రెండొందల ర్యాంకు అమ్మాయితో అరగంట ఉచితంగా ఆడే అవకాశం మన ఊళ్లో ఎంత డబ్బిచ్చినా దొరకదు. డబుల్స్‌కూ తప్పకుండా సైన్-ఇన్ చేయించండి. సింగిల్స్ పోయినా వారంలో ఇంకో మ్యాచ్ ఉంటుంది, సర్వ్, రిటర్న్, వాలీ అసలైన ఒత్తిడిలో ఆడే వీలుంటుంది. మన సానియా కెరీర్ మొత్తంలో ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లూ డబుల్స్, మిక్స్‌డ్‌లోనే వచ్చాయని మర్చిపోకండి.

సానియా పేరు వచ్చింది కాబట్టి చెప్పేస్తాను. హైదరాబాద్ తల్లిదండ్రులను తొందరపెట్టేది ఆమె కథే. 2003లో వింబుల్డన్ జూనియర్ డబుల్స్. 2005 ఫిబ్రవరిలో ఇక్కడే ఫతేమైదాన్ పక్క కోర్టుల మీద హైదరాబాద్ ఓపెన్ గెలిచి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ అందుకున్న తొలి భారతీయురాలైంది. అప్పటికి ఆమెకు 18. ఆ ఏడాదే యూఎస్ ఓపెన్ నాలుగో రౌండ్. 2007లో 27వ ర్యాంకు. ఆ తర్వాత ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో ప్రతి అకాడమీలోనూ "18కల్లా" అనే మాట వినబడుతోంది. కానీ ఆమె తర్వాత వచ్చినవాళ్లను చూడండి. అంకితా రైనా తొలిసారి టాప్ 200లోకి వచ్చింది 2018లో, 25 ఏళ్ల వయసులో. మన హైదరాబాద్ అమ్మాయి రష్మిక శ్రీవల్లి భమిడిపాటి పేరు దేశమంతా వినబడింది 2025 ఏప్రిల్‌లో, పుణెలో మహిళల దేశ జట్ల పోటీ బిల్లీ జీన్ కింగ్ కప్‌లో ఆడిన ఐదు సింగిల్స్ మ్యాచ్‌లూ గెలిచాక. అప్పటికి ఆమెకు ఇరవై దాటి చాన్నాళ్లయింది. అబ్బాయిల్లో యూకీ భాంబ్రీ 2009లోనే ఆస్ట్రేలియన్ ఓపెన్ జూనియర్ ఛాంపియన్, అతని అత్యుత్తమ సింగిల్స్ ర్యాంకు 83 వచ్చింది 2018లో. మధ్యలో గాయాలు. మీ అమ్మాయికి 17. తొందరపడాల్సిన కారణం నాకైతే ఒక్కటీ కనబడలేదు.

ఇప్పుడు వాళ్లమ్మ గారి మాట. ఈ ఇంట్లో వాదన "టెన్నిసా, కాలేజీనా" అన్నట్టు నడుస్తోందని మీ రాతలో తెలుస్తోంది. సహజ యమలపల్లి టెక్సస్‌లోని శామ్ హ్యూస్టన్ స్టేట్ యూనివర్సిటీలో ఆడి, చదివి, తర్వాత టూర్‌కు వచ్చి సింగిల్స్‌లో భారత నంబర్ వన్ అయ్యింది. విశాఖ నుంచి సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీలో ఆడి వచ్చి, 2014 ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి మిక్స్‌డ్ స్వర్ణం గెలిచాడు. 2016లో యూఎస్ ఓపెన్ క్వాలీస్ దాటి మెయిన్ డ్రా ఆడాడు. పెద్దవాళ్లలో చూస్తే కామెరాన్ నోరీ, బెన్ షెల్టన్ కాలేజీ నుంచి వచ్చినవాళ్లే. మంచి డివిజన్ వన్ (అమెరికా కాలేజీ క్రీడల్లో పై స్థాయి) జట్టులో ఉంటే కోచ్, ఫిజియో, జిమ్, ఇండోర్ కోర్టు, వారానికి రెండు మ్యాచ్‌లు, అన్నీ వాళ్ల ఖర్చు. వేసవిలో టూర్ టోర్నీలు ఆడుకోవచ్చు. ఇదే ఏర్పాటు మీరు ఇక్కడ చేయాలంటే మీ ప్లాటు చాలదు.

డబ్బు విషయంలో అమ్మాయిలకు కాలేజీ దారి అబ్బాయిల కంటే మెరుగ్గా ఉండేది. మహిళల జట్టుకు ఎనిమిది పూర్తి స్కాలర్‌షిప్‌లు, పురుషుల జట్టుకు నాలుగున్నర. 2025లో ఒక న్యాయస్థానం కేసులో కుదిరిన ఒప్పందం తర్వాత, అందులో చేరిన కాలేజీలకు ఆ హద్దులు తీసేసి, జట్టుకు పది మంది అనే పరిమితి పెట్టారు. ఇప్పుడు ఏ కాలేజీ ఎంత ఇస్తుందన్నది ఆ కాలేజీ బడ్జెట్ మీదే. కొన్ని బాగా ఇస్తున్నాయి, కొన్ని టెన్నిస్‌ను తగ్గించేస్తున్నాయి. కోచ్‌లు మొదట చూసేది యూటీఆర్ (ఆట స్థాయిని అంకెల్లో చూపే రేటింగ్). అమ్మాయిల్లో తొమ్మిది దాటితే డివిజన్ వన్‌లో చాలామంది జవాబిస్తారు, పదికి దగ్గరైతే వాళ్లే ఫోన్ చేస్తారు. ఏజెంటుకు లక్షలు పోయొద్దు. మ్యాచ్ వీడియో, ఫలితాలు, మార్కులు పెట్టి అమ్మాయే తన పేరుతో కోచ్‌లకు ఈమెయిల్ రాయాలి. తండ్రి రాసిన ఈమెయిల్ ఎవరు రాశారో వాళ్లకు మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది.

ఇక్కడ మీరు నిజంగా జాగ్రత్తపడాల్సింది ఓపెన్ స్కూల్ విషయంలో. డివిజన్ వన్‌కు ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంఘం) 9వ తరగతి నుంచి 12 దాకా నాలుగేళ్లలో 16 కోర్ సబ్జెక్టులు అడుగుతుంది. ఇంగ్లిష్, మ్యాథ్స్, సైన్స్, సోషల్ అన్నీ అందులో ఉండాలి. మన దగ్గర పిల్లలు ఇంటర్‌లో సులువైన సబ్జెక్టులు నాలుగు పెట్టుకుని గట్టెక్కుతారు, తీరా చూస్తే మ్యాథ్స్ తగ్గిందనో సైన్స్ లేదనో తేలుతుంది. ఇంకో సంగతి, ఇంటర్ పూర్తయ్యాక టెన్నిస్‌లో ఆరు నెలల వెసులుబాటే ఇస్తూ వచ్చారు. అది దాటి టోర్నీలు ఆడుతూ పోతే కాలేజీలో ఆడే కాలం తగ్గుతుంది. చేరకముందు ఏడాదికి 10,000 డాలర్ల దాకా బహుమతి డబ్బు తీసుకోవచ్చు, ఆపైన తన టోర్నీ ఖర్చుల మేరకే అన్న నియమం ఉండేది. ఈ నియమాల మీద కోర్టు కేసులు నడిచాయి, ఏటా ఏదో ఒకటి మారుతోంది. కాబట్టి ఏ కాలేజీతో మాటలు మొదలైనా అక్కడి కంప్లయన్స్ ఆఫీసు (నియమాలు చూసే విభాగం) నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. "రెండేళ్లు టూర్ ఆడి చూసి, కుదరకపోతే కాలేజీ" అనే మీ కోచ్ గారి ఆలోచన ఎక్కడ బెడిసికొడుతుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. కాలేజీని చివరికి ఉంచుకుంటే ఆ తలుపు సగం మూసుకుపోయి ఉంటుంది.

అన్ని సందర్భాల్లోనూ కాలేజీయే మేలా అంటే, లేదు. ఏడాది తిరిగేసరికి డబ్ల్యూ35 మెయిన్ డ్రాల్లో మ్యాచ్‌లు గెలుస్తూ, డబ్ల్యూటీఏ ర్యాంకు 500 లోపలికి వచ్చేస్తే కాలేజీ ఆలోచన నేనే ఆపమంటాను. ఆ అమ్మాయికి టూర్‌లోనే ఉండటం న్యాయం. ఆ గీత ఎక్కడ గీయాలో ఇప్పుడే, కోచ్ సమక్షంలో, తేదీతో సహా రాసి పెట్టుకోండి. తర్వాత గీయడం కష్టం. ప్రతి ఓటమికీ ఒక కారణం దొరుకుతుంది.

కోచ్ గారితో ఒప్పందం గురించి మీరు అడగలేదు గానీ అడగాల్సిందే. పది వారాలు వెంట ఆయనే వస్తారా, లేక అకాడమీ నుంచి ఐదుగురు పిల్లల్ని తీసుకెళ్లే గుంపులో మీ అమ్మాయి ఒకరా? గుంపు అయితే ఖర్చు ఐదు భాగాలు కావాలి, అవుతోందా? భవిష్యత్తు బహుమతి డబ్బులో శాతం రాసివ్వమని కొన్ని అకాడమీలు కాగితం పెడతాయి. 18 నిండని పిల్ల తరఫున మీరు సంతకం పెట్టేముందు వకీలుకు చూపించండి. ఆయన చెడ్డవారని అనడం లేదు. ఈ లెక్కలు ముందు మాట్లాడుకున్న ఇళ్లలో గొడవలు తక్కువ చూశాను.

ఆటకు బయట రెండు విషయాలు. ఒకటి, ప్రొటీన్ పొడులు, దగ్గు మందులు, ఆయుర్వేద లేహ్యాలు. డోపింగ్ పరీక్షలో ఏం దొరికినా బాధ్యత క్రీడాకారిణిదే, "షాపువాడు ఇచ్చాడు" అంటే చెల్లదు. ఇంట్లో ఇచ్చే ప్రతి సీసా ఫొటో తీసి పెట్టుకోండి, బ్యాచ్ పరీక్ష జరిగినవి తప్ప ఏదీ వద్దు. రెండు, బెట్టింగ్. డబ్ల్యూ15 మ్యాచ్‌ల మీద కూడా పందేలు సాగుతాయి. ఓడిన రాత్రి ఇన్‌స్టాగ్రామ్‌లో బూతులు వస్తాయి, గెలిచినా వస్తాయి. ఏదో ఒక రోజు "ఒక్క సెట్ వదిలేస్తే ఇంత" అని ఒక మెసేజ్ రావచ్చు. ఐటీఐఏ (టెన్నిస్‌లో అవినీతిని అరికట్టే సంస్థ) వాళ్ల ఆన్‌లైన్ శిక్షణ తప్పనిసరి. అమ్మాయి పక్కన కూర్చుని మీరూ చూడండి. అలాంటి మెసేజ్ వస్తే చెప్పకపోవడం కూడా నేరమే. ఆ రోజు మీకు భయపడకుండా చెప్పేలా ఇప్పటి నుంచే ఇంట్లో వాతావరణం ఉండాలి. 17 ఏళ్ల పిల్ల ఫోన్‌లో మెసేజ్ రిక్వెస్టులు ఆపేయండి, టోర్నీ వారాల్లో ఖాతా అమ్మ చేతిలో ఉండనివ్వండి.

ఈ వారం చేయాల్సింది పెద్దగా లేదు. పదో తరగతి మెమో, ఓపెన్ స్కూల్ సబ్జెక్టుల పట్టిక తీసి ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్ లెక్కతో సరిచూసుకోండి. ఒక సబ్జెక్టు తగ్గితే పరీక్ష ఫీజు గడువులోపే చేర్చుకోవచ్చు. గెలిచిన మ్యాచ్‌ల కాగితం, రెండో సర్వ్ వీడియో తయారయ్యాక ఆ రెండు అంకెలు ఇక్కడే కింద రాయండి. అవి చూశాక చలికాలం టోర్నీల్లో ఏవి ఆడాలో, ఏవి వదలాలో వారాల వారీగా చెబుతాను.